స్టాక్ మార్కెట్ సూచీలు: నిర్మాణం, వినియోగం, హైదరాబాద్ అనుభవం

స్టాక్ మార్కెట్ సూచీ అంటే ఎంపిక చేసిన కొన్ని కంపెనీల షేర్ల విలువను కలిపి, గతంలోని ఒక నిర్ణీత రోజు విలువతో పోల్చి చెప్పే అంకె. సాయంత్రం వార్తల్లో ‘మార్కెట్ 300 పాయింట్లు పెరిగింది’ అని చదివితే అది ఎక్స్ఛేంజీలో నమోదైన వేల కంపెనీల మాట కాదు. సెన్సెక్స్ అయితే 30 కంపెనీల మాట, నిఫ్టీ అయితే 50 కంపెనీల మాట. ఆ జాబితాలో ఎవరుండాలి, ఎవరికి ఎంత వెయిటేజీ ఇవ్వాలి, ఎవరిని ఎప్పుడు తప్పించాలి అన్నవి ముందే రాసిపెట్టుకున్న నియమాలు. నియమాలు మారితే అదే రోజు, అవే షేర్లతో వేరే అంకె వస్తుంది. సూచీని అర్థం చేసుకోవడమంటే ఆ నియమాలను చదవడమే.

చరిత్ర

సూచీల్లో ప్రపంచానికి బాగా తెలిసినది అమెరికా డౌజోన్స్ పారిశ్రామిక సగటు. పత్రికా సంపాదకుడు చార్లెస్ డౌ 1896 మే 26న 12 కంపెనీలతో దీన్ని ప్రచురించాడు. 12 షేర్ల ధరలు కూడి 12తో భాగించడమే అప్పటి లెక్క. 1928లో కంపెనీల సంఖ్య 30కి పెరిగింది. 1957లో 500 కంపెనీలతో వచ్చిన ఎస్ అండ్ పీ 500 ధరకు బదులు కంపెనీల మార్కెట్ విలువను ఆధారం చేసుకుంది. తర్వాత వచ్చిన సూచీల్లో ఎక్కువ భాగం ఈ దారినే పట్టాయి.

మన దేశంలో 1875లో ఏర్పడిన బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజీ 1986 జనవరి 1న సెన్సెక్స్‌ను ప్రారంభించింది. 1978-79ని ఆధార సంవత్సరంగా తీసుకుని దాని విలువను 100గా నిర్ణయించింది. సెన్సెక్స్ 1990 జూలైలో తొలిసారి 1,000 పాయింట్లు దాటింది. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ (ఎన్‌ఎస్‌ఈ) కంప్యూటర్ తెరల మీద షేర్ల వ్యాపారం మొదలుపెట్టింది. 1996 ఏప్రిల్ 22న నిఫ్టీని తెచ్చింది. ఎన్‌ఎస్‌ఈలో షేర్ల ట్రేడింగ్ ఏడాది పూర్తి చేసుకున్న 1995 నవంబర్ 3 నిఫ్టీకి ఆధార దినం, ఆ రోజు విలువ 1,000.

హైదరాబాద్‌కూ ఒకప్పుడు సొంత స్టాక్ ఎక్స్ఛేంజీ ఉండేది. నిజాం పాలనలో, 1943లో హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజీ ఏర్పడింది. నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఆల్విన్, వజీర్ సుల్తాన్ టొబాకో వంటి పరిశ్రమలు సంస్థానంలో పుట్టిన కాలమది. కేంద్ర ప్రభుత్వ చట్టం కింద 1958లో దానికి గుర్తింపు దక్కింది. అయితే ఎన్‌ఎస్‌ఈ టెర్మినల్ ఏ ఊళ్లోనైనా పెట్టుకునే వీలు రావడం, షేర్లు డీమ్యాట్ ఖాతాల్లోకి మారడంతో ప్రాంతీయ ఎక్స్ఛేంజీలకు పని లేకుండా పోయింది. 2007లో హైదరాబాద్ ఎక్స్ఛేంజీ గుర్తింపు రద్దయింది. ఇప్పుడు హైదరాబాద్ మదుపరి చూసే సూచీలు దాదాపు అన్నీ ముంబైలో లెక్కకట్టినవే. వాటిలోకి వెళ్లిన, వాటి నుంచి బయటికి వచ్చిన హైదరాబాద్ కంపెనీలు మాత్రం ఉన్నాయి. సూచీ ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఆ కంపెనీల కథలు చాలు.

లెక్క కట్టే పద్ధతులు

సూచీల్లో ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. ధర ఆధారిత పద్ధతిలో షేరు ధర ఎంత ఎక్కువైతే దాని ప్రభావం అంత ఎక్కువ. డౌజోన్స్, జపాన్ నిక్కీ 225 ఈ కోవకు చెందుతాయి. మార్కెట్ విలువ ఆధారిత పద్ధతిలో కంపెనీ పరిమాణాన్ని బట్టి వెయిటేజీ ఉంటుంది. సమాన వెయిటేజీ పద్ధతిలో చిన్నా పెద్దా తేడా లేకుండా అన్ని కంపెనీలకూ ఒకటే వాటా.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. క, ఖ, గ అనే మూడు కంపెనీలున్నాయి. క షేరు ధర 100 రూపాయలు, షేర్లు 10 కోట్లు. ఖ ధర 500, షేర్లు 2 కోట్లు. గ ధర 50, షేర్లు 20 కోట్లు. ధరను షేర్ల సంఖ్యతో గుణిస్తే మూడింటి మార్కెట్ విలువా 1,000 కోట్లే. అయితే క షేర్లలో 40 శాతం, ఖలో 75 శాతం, గలో 20 శాతం ప్రమోటర్ల, అంటే కంపెనీని నడిపే యజమానుల, చేతిలో ఉన్నాయి. అవి బజారులోకి అమ్మకానికి రావు కాబట్టి తీసేస్తే మిగిలేవి వరుసగా 600, 250, 800 కోట్లు. మొత్తం 1,650 కోట్లు. ఇలా ప్రజల చేతుల్లో తిరిగే షేర్ల విలువనే ఫ్రీ ఫ్లోట్ అంటారు. మొదటి రోజు సూచీని 1,000గా పెట్టుకోవాలంటే 1,650ని 1.65తో భాగించాలి. ఈ 1.65 ఆ సూచీకి భాజకం.

మర్నాడు క 10 శాతం, ఖ 20 శాతం పెరిగాయి, గ 5 శాతం తగ్గింది. ఫ్రీ ఫ్లోట్ విలువలు 660, 300, 760 కోట్లు అవుతాయి. మొత్తం 1,720. దాన్ని 1.65తో భాగిస్తే సూచీ 1,042. అవే మూడు షేర్లకు సమాన వెయిటేజీ ఇస్తే సూచీ 1,083 అయ్యేది. ధరలు కూడే పద్ధతిలో 1,165కు చేరేది, ఎందుకంటే 500 రూపాయల ఖ షేరు ఒక్కటే లెక్కను పైకి లాగేస్తుంది. ఒకే రోజు, ఒకే షేర్లు, మూడు రకాల ‘మార్కెట్ లాభం’. ఇందులో ఏదీ తప్పు కాదు. ఒక్కో పద్ధతి ఒక్కో ప్రశ్నకు జవాబు.

సెన్సెక్స్ 2003 సెప్టెంబర్ 1 నుంచి, నిఫ్టీ 2009 జూన్ 26 నుంచి ఫ్రీ ఫ్లోట్ పద్ధతిలో ఉన్నాయి. దీని ప్రభావం రెండు హైదరాబాద్ ఔషధ కంపెనీల్లో బాగా కనిపిస్తుంది. దివీస్ ల్యాబొరేటరీస్‌లో సగానికి పైగా వాటా ప్రమోటర్లది. డాక్టర్ రెడ్డీస్‌లో ప్రమోటర్ల వాటా నాలుగో వంతుకు కాస్త పైన. రెండు కంపెనీల మొత్తం మార్కెట్ విలువ సమానమే అనుకుంటే, సూచీలో డాక్టర్ రెడ్డీస్ వెయిటేజీ దివీస్‌కు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అది కంపెనీ గొప్పతనానికి మార్కు కాదు, బజారులో దొరికే షేర్ల లెక్క.

భాజకం పని

కంపెనీ బోనస్ షేర్లు ఇచ్చినా, షేరును ముక్కలు చేసినా ధర తగ్గుతుంది, షేర్ల సంఖ్య ఆ మేరకు పెరుగుతుంది. రెండింటి లబ్ధం మారదు కాబట్టి మార్కెట్ విలువ సూచీకి ఏ ఇబ్బందీ లేదు. ధర ఆధారిత సూచీలో మాత్రం ప్రతిసారీ భాజకాన్ని సరిచేయాలి. జాబితాలో కంపెనీ మారినప్పుడు అన్ని సూచీలకూ ఈ పని తప్పదు. పై ఉదాహరణలో 300 కోట్ల ఖను తీసి, 440 కోట్ల ఫ్రీ ఫ్లోట్ ఉన్న ఘను చేర్చారనుకుందాం. మొత్తం 1,860 కోట్లు అవుతుంది. సూచీ 1,042 దగ్గరే నిలవాలి కాబట్టి భాజకాన్ని 1.65 నుంచి సుమారు 1.784కు మారుస్తారు. కంపెనీ మారడం వల్ల సూచీ ఎగరదు, పడదు. షేర్ల ధరలు కదిలితేనే అది కదులుతుంది.

ఎంపిక, తొలగింపు

నిఫ్టీ 50లో చోటు దక్కాలంటే కంపెనీ షేరు ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ముందు తేదీకి కుదుర్చుకునే కొనుగోలు, అమ్మకాల ఒప్పందాలు) విభాగంలో ట్రేడవుతుండాలి. ఫ్రీ ఫ్లోట్ విలువ జాబితాలోని అతి చిన్న కంపెనీకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. పెద్ద మొత్తంలో కొన్నా ధర చెదరకూడదు. 10 కోట్ల రూపాయల బుట్టను కొనేటప్పుడు అసలు ధర మీద పడే అదనపు భారం, గత ఆరు నెలల్లో 90 శాతం సందర్భాల్లో అర శాతం మించకూడదన్నది నియమం. దీన్ని ఇంపాక్ట్ కాస్ట్ అంటారు. జనవరి 31, జూలై 31 వరకు ఉన్న సమాచారంతో ఏడాదికి రెండుసార్లు సమీక్షిస్తారు. మార్పులను నాలుగు వారాల ముందే ప్రకటించి మార్చి, సెప్టెంబర్ నెలాఖర్లలో అమలు చేస్తారు.

దివీస్ 2020 సెప్టెంబర్‌లో నిఫ్టీ 50లో చేరింది, 2024 సెప్టెంబర్‌లో బయటికొచ్చింది. కంపెనీ దివాలా తీయలేదు, లాభాలూ పోలేదు. ట్రెంట్, భారత్ ఎలక్ట్రానిక్స్ లాంటి కంపెనీల ఫ్రీ ఫ్లోట్ విలువ దాన్ని దాటిపోయింది, అంతే. సూచీ నుంచి తప్పుకోవడం ప్రతిసారీ చెడ్డ వార్త కాదని చెప్పే ఉదాహరణ ఇది.

సత్యం ఉదంతం

ఇందుకు పూర్తిగా భిన్నమైన తొలగింపు సత్యం కంప్యూటర్స్‌ది. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఈ కంపెనీ సెన్సెక్స్, నిఫ్టీ రెండింటిలోనూ ఉండేది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు కంపెనీ ఖాతాల్లో వేల కోట్ల నగదు లేనే లేదని లేఖ రాశారు. అందులో బ్యాంకు, నగదు నిల్వలుగా చూపిన 5,040 కోట్లు ఉత్తివేనని తేలింది. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ రోజు 40 రూపాయల దగ్గర ముగిసింది. సెన్సెక్స్ 749 పాయింట్లు, అంటే 7 శాతానికి పైగా పడింది. ఆ పతనంలో సత్యం సొంత వెయిటేజీ కన్నా మిగతా కంపెనీల ఖాతాల మీద పుట్టిన అనుమానానిదే పెద్ద వాటా. అర్ధ సంవత్సర సమీక్ష కోసం ఆగకుండా రోజుల వ్యవధిలోనే సత్యాన్ని రెండు సూచీల నుంచీ తీసేశారు. సెన్సెక్స్‌లో సన్ ఫార్మా, నిఫ్టీలో రిలయన్స్ క్యాపిటల్ ఆ స్థానంలోకి వచ్చాయి.

ఈ ఉదంతం సూచీల గురించి మూడు సంగతులు చూపింది. మొదటిది, సూచీ నియమాలు షేరు ఎంత సులువుగా అమ్ముడవుతుందో చూస్తాయి తప్ప ఖాతాలు నిజమా కాదా అని చూడవు. సత్యంలో ప్రమోటర్ల వాటా 10 శాతం లోపే ఉండేది. ఫ్రీ ఫ్లోట్ లెక్కలో అది వెయిటేజీని పెంచే అంశం. సొంత కంపెనీలో యజమానులకే పెద్దగా వాటా లేదన్న సంగతి ఆ లెక్కలో ప్రమాద సూచనగా నమోదు కాదు. రెండోది, తీసేసేది పడిపోయిన ధరకే. సూచీని అనుసరించే ఫండ్ 179 దగ్గర అమ్మలేదు. నష్టమంతా భరించాకే బయటపడింది. మూడోది, ఎన్నో కంపెనీలకు డబ్బు పంచి పెట్టినందువల్ల ఒక కంపెనీ కూలినా మదుపరి మొత్తం సొమ్ము పోలేదు. పొదుపంతా సత్యం షేర్లలోనే పెట్టిన వారి పరిస్థితి వేరు.

ఏళ్ల తరబడి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. కుంగిన కంపెనీ వెళ్లిపోతుంది, ఎదిగిన కంపెనీ వచ్చి చేరుతుంది. 1986లో సెన్సెక్స్‌లో ఉన్న అవే 30 కంపెనీలను పట్టుకుని కూర్చున్న మదుపరి రాబడి, సెన్సెక్స్ రాబడి ఒకటి కావు. సూచీ దీర్ఘకాలిక పెరుగుదలలో ఈ మార్పుల పాత్రా ఉంది.

సూచీల రకాలు

నిఫ్టీ 500 వంటివి విస్తృత సూచీలు. పరిమాణాన్ని బట్టి లార్జ్, మిడ్, స్మాల్ క్యాప్ సూచీలున్నాయి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2017లో నిర్ణయించిన ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీలు లార్జ్ క్యాప్, 101 నుంచి 250 వరకు మిడ్ క్యాప్, ఆ తర్వాతవి స్మాల్ క్యాప్. బ్యాంకులు, ఐటీ, ఔషధాలు, లోహాలు వంటి రంగాలవారీ సూచీలు మరో రకం. తక్కువ ఒడిదొడుకులు, ధరల ఊపు, కంపెనీ నాణ్యత వంటి లక్షణాలను బట్టి కట్టినవి వ్యూహాత్మక సూచీలు. ఒకటి రెండు కంపెనీలే సూచీని మోయకుండా సెబీ 2019లో హద్దులు పెట్టింది. ఇండెక్స్ ఫండ్లు, ఈటీఎఫ్‌లు (సూచీని అనుకరిస్తూ ఎక్స్ఛేంజీలో షేరులా చేతులు మారే ఫండ్లు) అనుసరించే సూచీలో కనీసం 10 కంపెనీలుండాలి. ఒక్క కంపెనీ వెయిటేజీ 25 శాతం, రంగాలవారీ సూచీలో అయితే 35 శాతం మించకూడదు. మొదటి మూడు కంపెనీలదీ కలిపి 65 శాతం దాటకూడదు.

సూచీలో డివిడెండ్లను కలిపారా లేదా అన్నదీ చూడాలి. వార్తల్లో వినిపించే నిఫ్టీ షేర్ల ధరలను మాత్రమే చూస్తుంది, అందులో డివిడెండ్లు ఉండవు. డివిడెండ్లను తిరిగి పెట్టుబడి పెట్టినట్టు లెక్కించేది టోటల్ రిటర్న్ సూచీ. మ్యూచువల్ ఫండ్లు తమ పనితీరును 2018 ఫిబ్రవరి 1 నుంచి ఈ రెండో దానితోనే పోల్చి చూపాలని సెబీ ఆదేశించింది. అంతకుముందు డివిడెండ్లు అందుకున్న ఫండ్, డివిడెండ్లు లేని సూచీని ‘గెలవడం’ తేలికయ్యేది.

షరియా సూచీలు, పాతబస్తీ మదుపరి

చార్మినార్ నుంచి లాడ్ బజార్ మీదుగా మహబూబ్ చౌక్ దాటితే హుస్సేనీ ఆలం. హైదరాబాద్ పాతబస్తీలోని ఈ ప్రాంతంలోనూ, దాని చుట్టుపక్కలా ఇస్లాం ధర్మం ప్రకారం వడ్డీ తీసుకోకూడదన్న నియమం పాటించే కుటుంబాలు చాలా ఉన్నాయి. బ్యాంకు డిపాజిట్ వద్దనుకునే వారికి బంగారం, ఇల్లు, సొంత వ్యాపారం పొదుపు మార్గాలు. కంపెనీలో భాగస్వామ్యం కాబట్టి షేరు కొనడం మతరీత్యా సమ్మతమే అని చాలామంది పండితులు అంటారు. అయితే ఆ కంపెనీ ఏం చేస్తుంది, ఎంత వడ్డీ మీద నడుస్తుంది అన్నది షరతు. ఈ వడపోతను నియమాలుగా మార్చినవే షరియా సూచీలు.

ప్రపంచంలో ఈ తరహా సూచీలకు 1999లో వచ్చిన డౌజోన్స్ ఇస్లామిక్ మార్కెట్ సూచీ దారి చూపింది. మన దేశంలో నిఫ్టీ 50 షరియా, నిఫ్టీ 500 షరియా వచ్చాయి. బొంబాయి ఎక్స్ఛేంజీ 2010 డిసెంబర్‌లో టాసిస్ షరియా 50ని ప్రారంభించింది. వడపోత రెండు అంచెల్లో సాగుతుంది. మొదట వ్యాపారం చూస్తారు. వడ్డీ మీద నడిచే బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు, సాధారణ బీమా కంపెనీలు, మద్యం, పొగాకు, పంది మాంసం, జూదం వ్యాపారాలు పక్కకు పోతాయి. అందుకే ఐటీసీకి వీటిలో చోటు లేదు. చార్మినార్ పేరుతో సిగరెట్లు అమ్మిన హైదరాబాద్ కంపెనీ వీఎస్‌టీ ఇండస్ట్రీస్, అంటే అప్పటి వజీర్ సుల్తాన్ టొబాకో, ఈ గడప దాటలేదు. తర్వాత ఖాతాలు చూస్తారు. టాసిస్ అనే షరియా సలహా సంస్థ ప్రమాణాల ప్రకారం వడ్డీ అప్పులు మొత్తం ఆస్తుల్లో 25 శాతం మించకూడదు. వడ్డీ ఆదాయం మొత్తం ఆదాయంలో 3 శాతం లోపుండాలి. రావలసిన బాకీలు, నగదు కలిపి ఆస్తుల్లో 90 శాతం దాటకూడదు. కొన్ని విదేశీ సంస్థలు అప్పును ఆస్తులతో కాకుండా మార్కెట్ విలువతో పోలుస్తాయి. అందుకే ఒక సూచీలో అర్హమైన కంపెనీ మరో సూచీలో అనర్హం కావచ్చు. పరిమితి లోపల వచ్చిన కాస్త వడ్డీ ఆదాయానికి సమానమైన భాగాన్ని డివిడెండ్ నుంచి తీసి దానం చేయడం ఆనవాయితీ.

ఈ వడపోతకు ఆర్థికంగా ఒక ఫలితం ఉంది. నిఫ్టీ 50లో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా వెయిటేజీ బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలదే. అది మొత్తం తొలగడంతో షరియా సూచీ ఐటీ, ఔషధాలు, వాహనాలు, నిత్యావసర వస్తువుల వైపు ఒరుగుతుంది. బ్యాంకు షేర్లు దూసుకుపోయిన ఏడాది ఇది వెనకబడుతుంది, బ్యాంకులు చతికిలబడితే ముందుంటుంది. నిఫ్టీ 50 షరియా సూచీని అనుసరించే షరియా బీస్ అనే ఈటీఎఫ్ 2009 నుంచి ఉంది. హలాల్ లాభం పేరుతో డిపాజిట్లు దండుకుని చేతులెత్తేసిన సంస్థలను హైదరాబాద్ చూసింది. వాటికీ ఈ సూచీలకూ తేడా ఒక్కటే: ఇక్కడ కంపెనీల జాబితా, నియమాలు, రోజువారీ ధర అందరి ముందూ ఉంటాయి.

మదుపరులు వాడే తీరు

సూచీకి మొదటి ఉపయోగం కొలబద్దగా. ఫండ్ ఏడాదిలో 12 శాతం ఇచ్చిందంటే అదే ఏడాది సూచీ ఎంత ఇచ్చిందో చూస్తే గానీ ఆ 12 మంచిదో చెడ్డదో చెప్పలేం.

రెండోది నేరుగా పెట్టుబడిగా. సూచీలోని కంపెనీలను అదే వెయిటేజీతో కొని ఉంచేదే ఇండెక్స్ ఫండ్. అమెరికాలో జాన్ బోగల్ 1976లో సాధారణ మదుపరులకు దీన్ని అందుబాటులోకి తెచ్చాడు. మన దేశంలో తొలి ఈటీఎఫ్ నిఫ్టీ బీస్ 2001 చివర్లో వచ్చింది. షేర్లను ఎంపిక చేసే నిపుణుడి అవసరం లేదు కాబట్టి ఖర్చు తక్కువ. ఖర్చులు, చేతిలో ఉంచిన నగదు వల్ల ఫండ్ రాబడికీ సూచీ రాబడికీ మధ్య తేడా వస్తుంది. ఒకే సూచీని అనుసరించే రెండు ఫండ్లలో ఆ తేడా, ఖర్చు తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోవడం మంచిది. షేర్ల జోలికే పోననుకునే ఉద్యోగికీ ఇందులో భాగం ఉంది. భవిష్య నిధి సంస్థ 2015 ఆగస్టు నుంచి కొత్తగా వచ్చే సొమ్ములో కొంత సెన్సెక్స్, నిఫ్టీ ఈటీఎఫ్‌లలో పెడుతోంది.

మూడోది ఫ్యూచర్స్, ఆప్షన్స్. మన దేశంలో 2000 జూన్‌లో సూచీ ఫ్యూచర్స్ మొదలయ్యాయి. చేతిలో ఉన్న షేర్లకు రక్షణగా వాడుకోవడం వీటి అసలు ఉద్దేశం. ఆచరణలో మాత్రం రోజువారీ పందెంగా మారాయి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈ విభాగంలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ అధ్యయనం తేల్చింది. ఆ తర్వాత 2024 నవంబర్ నుంచి కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షల రూపాయలకు పెంచింది.

నాలుగోది మార్కెట్‌కు బ్రేకుగా. సెన్సెక్స్ లేదా నిఫ్టీ 10, 15, 20 శాతం మేర కదిలితే మొత్తం ట్రేడింగ్ ఆగిపోయే ఏర్పాటు 2001 నుంచి ఉంది. కోవిడ్ భయంతో 2020 మార్చి 23న ఇలాగే ట్రేడింగ్ ఆగింది. ఆ రోజు సెన్సెక్స్ 3,935 పాయింట్లు కోల్పోయింది.

పరిమితులు

పాయింట్ల అంకె మోసగిస్తుంది. సూచీ 10,000 దగ్గరున్నప్పుడు 750 పాయింట్ల పతనం 7.5 శాతం. 75,000 దగ్గర అదే 750 పాయింట్లు ఒక్క శాతమే. మార్కెట్ విలువ పద్ధతిలో ధర పెరిగిన కంపెనీకి వెయిటేజీ తనంతట తాను పెరుగుతుంది. ఆ ధర అతిగా ఉన్నా సూచీ ఏమీ అనదు. కొద్ది కంపెనీలు పెరిగి మిగతావి పడినా సూచీ పచ్చగానే కనిపించవచ్చు. సూచీలో చేరే కంపెనీని నిర్ణీత రోజున ఇండెక్స్ ఫండ్లన్నీ ఒకేసారి కొనాలి, తప్పుకునేదాన్ని అమ్మాలి. ఆ ఒత్తిడికి వ్యాపారంతో సంబంధం లేకుండా ధరలు కదులుతాయి. సూచీలు తయారుచేసే సంస్థల చేతిలో ఇంత ప్రభావం ఉన్నందున సెబీ 2024లో వాటి కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది.

మన దేశంలోని ప్రధాన సూచీల నియమాలను, కంపెనీల జాబితాలను వాటిని తయారుచేసిన సంస్థలు ప్రచురిస్తాయి. ఇండెక్స్ ఫండ్ కొనేవాడు నిజానికి కొంటున్నది ఆ నియమాలనే. గత రాబడి శాతం చూసే ముందు ఆ నియమావళి చదవడం మదుపరి చేయవలసిన మొదటి పని.